ఇనీషియల్ వెనుక ఇంటిపేరు: కుటుంబ చరిత్రకు ఇంటర్నెట్ ఆకరాలు

తెలుగు నేలకు వెలుపల తరతరాలుగా స్థిరపడిన కుటుంబాల యువతలో ఈ మధ్య ఒక ప్రశ్న తరచు వినిపిస్తోంది: మా వాళ్లు ఏ ఊరి నుంచి వచ్చారు? హోసూరు విద్యార్థి అడిగినా, బళ్లారి, బరంపురం, షోలాపురం, యానాం విద్యార్థులు అడిగినా ప్రశ్న ఒకటే. పూర్వం ఈ ప్రశ్నకు ఇంట్లో ముసలివాళ్లు చెప్పిందే సమాధానం. ఇప్పుడు ఇంటర్నెట్‌లో కోట్ల కొద్దీ పత్రాలు ఉన్నాయి కాబట్టి సమాధానం కూడా అక్కడే దొరుకుతుందనే నమ్మకం ఏర్పడింది. ఈ నమ్మకం ఎంతవరకు సమంజసమో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇటువంటి ఆకరాల మంచిచెడ్డలను సాధారణంగా పరిమాణంతో కొలుస్తారు. ఎన్ని పుటలు, ఎన్ని రీళ్లు, ఎన్ని పేర్లు అని లెక్క చెబుతారు. మా కొలమానం వేరు. ఒక ఆకరం మన పేరును ఏ రూపంలో భద్రపరిచింది? ఆ రూపం నుంచి ఇంటిపేరును, ఊరిని తిరిగి రాబట్టుకోగలమా? తెలుగు కుటుంబ చరిత్రకు సంబంధించినంతవరకు ఈ రెండే అసలు ప్రశ్నలు. వీటితో చూస్తే చాలా పెద్ద ఆకరాలు మనకు చిన్నవిగాను, ఎవరూ పట్టించుకోని కొన్ని ఆకరాలు పెద్దవిగాను కనిపిస్తాయి.

ఒక అక్షరం, మూడు అర్థాలు

గంగవరపు వెంకటస్వామి అనే పేరును ఉదాహరణకు ఊహించుకుందాం. ఆంధ్ర, తెలంగాణల్లో ఈయన జి. వెంకటస్వామి. ఆ 'జి' ఇంటిపేరు. ఈ కుటుంబం తమిళనాడులో ఉంటే, కొడుకు రామానుజం బడిలో చేరినప్పుడు వి. రామానుజం అవుతాడు. ఆ 'వి' తండ్రి పేరు. మనుమడి పేరు ముందు 'ఆర్' వస్తుంది. అంటే ఇంటిపేరు కాగితం మీద నుంచి తప్పుకోవడానికి ఒక్క తరం చాలు. కర్ణాటకలో చాలా కుటుంబాలకు రెండు ఇనీషియళ్లు ఉంటాయి. మొదటిది తరచుగా ఊరిపేరు, రెండవది తండ్రి పేరు. ఆ ఊరు పూర్వికుల ఊరు కానక్కరలేదు, తాత స్థిరపడిన కోలారు ప్రాంతపు పల్లె కావచ్చు. మహారాష్ట్రలో సొంత పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు అనే వరుస పాటిస్తారు. అక్కడ ఇంటిపేరు నిలిచింది గాని చివరికి వెళ్లింది.

ఒకే అక్షరం ఒక రాష్ట్రంలో ఇంటిపేరుగా, ఇంకొక రాష్ట్రంలో తండ్రి పేరుగా, మరొక రాష్ట్రంలో ఊరిపేరుగా పనిచేస్తున్నదన్నమాట. పాశ్చాత్య దేశాల్లో తయారైన వెతుకుడు పద్ధతులన్నీ సొంత పేరు, వంశనామం అనే రెండు గడుల మీద నిలబడ్డాయి. రెండవ గడిలో ఏం నింపాలన్నది మన విద్యార్థికి ఎదురయ్యే మొదటి చిక్కు. తాత ఇనీషియల్‌ను ఇంటిపేరనుకొని నింపితే వేరే కుటుంబం దొరుకుతుంది. ఏమీ దొరక్కపోవడం కన్న ఇది ఎక్కువ ప్రమాదం.

రెండవ చిక్కు లిపిది. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం, ప, బ లకు ఒకే అక్షరం. తమిళంలో రాసిన గంగవరపు అనే పేరును తెలియనివారు కంగవరబు అని చదువుకోవచ్చు. ఒడియాలో మన వకారం సాధారణంగా బకారమవుతుంది కనుక అదే పేరు గంగబరపు కావచ్చు. ఫ్రెంచి గుమాస్తా చివరి 'పు'ను పి-ఓ-యు అనే మూడు అక్షరాలతో రాస్తాడు. పేరులో చకారం ఉంటే ముందు ఒక టి చేరుస్తాడు. ఇంగ్లీషు గుమాస్తా రాత మళ్లీ వేరు. కన్నడ లిపి ఒక్కటే మన ధ్వనులను దాదాపు యథాతథంగా నిలుపుతుంది. కాబట్టి ఒక పేరును వెతకడమంటే నాలుగైదు పేర్లను వెతకడమే. వెతికేముందు ఆ రూపాలన్నీ కాగితం మీద రాసుకోవాలి.

ఇంటిపేరు నుంచి ఊరికి

ఇంటిపేరు తెలిసిన తరువాత కూడా చేయవలసిన పని ఒకటుంది. మన ఇంటిపేర్లలో పెద్ద భాగం ఊరిపేర్లే. అయితే అవి ఔపవిభక్తిక రూపంలో ఉంటాయి. ఇల్లు ఇంటి అయినట్లు, ఊరు ఊరి అయినట్లు, కందుకూరు కందుకూరి అవుతుంది, కొండవీడు కొండవీటి అవుతుంది, గంగవరం గంగవరపు అవుతుంది. 'పాటి' అని ముగిసే ఇంటిపేరు వెనుక 'పాడు' అని ముగిసే ఊరు ఉండే అవకాశం ఎక్కువ. భారతదేశ గ్రామాల జాబితాల్లో 'పాటి' అని వెతికితే ఊరు దొరకదు. 'పాడు' అని వెతకాలి. ఇంతటి చిన్న వ్యాకరణ సూత్రం తెలియకపోవడం వల్ల తమ ఊరు మ్యాపులో లేదని నిరాశపడినవారు ఎందరో.

ఊరు దొరికినంత మాత్రాన వంశచరిత్ర తేలిపోయిందనుకోవడం కూడా సరికాదు. కందుకూరి వీరేశలింగం 1848లో పుట్టింది రాజమహేంద్రవరంలో. ఆయన ఇంటిపేరు మాత్రం అంతకు ముందటి ఒక వలసకు గుర్తు. కందుకూరు అనే ఊరు కోస్తాలో ఒకటి, హైదరాబాదుకు దక్షిణాన రంగారెడ్డి జిల్లాలో మరొకటి ఉన్నాయి. ఇంటిపేరు ఒక వలసను సూచిస్తుంది గాని అది ఎప్పటి వలసో, చివరి వలసో కాదో చెప్పదు. ఒకే ఇంటిపేరు అనేక కులాల్లో కనిపిస్తుంది కాబట్టి ఇంటిపేరు కలిసినవారందరూ జ్ఞాతులు కారు.

ఆకరాల పరిశీలన

పరిమాణంలో అన్నిటికన్న పెద్దది ఫ్యామిలీసెర్చ్. తన దగ్గర ఉన్న సుమారు 24 లక్షల మైక్రోఫిల్ము రీళ్లను కంప్యూటర్‌లోకి మార్చే పనిని ఈ సంస్థ 2021లో పూర్తి చేసింది. రుసుము లేకుండా చూడవచ్చు. ఇందులో హిందూ యాత్రికుల వంశావళుల పేరుతో ఒక సంచయం ఉంది. హరిద్వారం మొదలైన క్షేత్రాల్లో పండాలు తరతరాలుగా రాసిన బహీల ఛాయాప్రతులవి. శీర్షిక చూసి మన విద్యార్థులు ఎంతో ఆశపడతారు. కాని ఆ బహీలలో ఎక్కువ భాగం పంజాబు, హర్యానా తదితర ఉత్తరాది కుటుంబాలవి. తెలుగు కుటుంబానికి దానివల్ల కలిగే ప్రయోజనం స్వల్పం. 'హిందూ' అన్న విశేషణాన్ని చూసి 'మనది' అనుకోరాదు.

బ్రిటిష్ ఇండియా పత్రాలపై ఆధారపడిన ఆకరాలు మరొక తరగతి. 1998లో ఏర్పడిన ఫిబిస్ అనే సంఘం, 2014 నుంచి ఫైండ్‌మైపాస్ట్‌లో ఉన్న ఇండియా ఆఫీసు చర్చి రికార్డులు ఈ కోవలోనివి. వీటి పని శ్రద్ధగానే ఉంది. అయితే ఇవి ప్రధానంగా ఇండియాలో బతికిన బ్రిటిష్, యూరేషియన్ కుటుంబాల కోసం ఏర్పడ్డవి. మద్రాసు దొర వివాహం ఇందులో ఉంటుంది, ఆయన దుబాసీ ఇంటి పెళ్లి ఉండదు. మూలపత్రాలున్న బ్రిటిష్ లైబ్రరీ మీద 2023 అక్టోబరులో జరిగిన సైబర్ దాడితో దాని సేవలు చాలాకాలం స్తంభించిపోయాయి. ఒక్కచోటే ఉన్న ఆకరంపై ఆధారపడరాదనే పాఠాన్ని ఈ ఉదంతం నేర్పింది.

ఇంగ్లీషులో ఉండే మార్గదర్శక గ్రంథాలు చదివి జనాభా లెక్కల కాగితాల కోసం వెతికేవారికి ఒక మాట. ఇంగ్లండులో వందేళ్లు గడిచిన తరువాత ఇంటింటి జనాభా పత్రాలను బయటపెడతారు. 1921 నాటివి 2022లో వచ్చాయి. మన దేశంలో ఆనాటి ఇంటింటి పత్రాలను పట్టికలు వేసిన తరువాత భద్రపరచలేదు. ముద్రిత సంపుటాలు మాత్రమే మిగిలాయి. వాటిలో సంఖ్యలుంటాయి, మనుషుల పేర్లుండవు. లేని పత్రం కోసం కాలం వెచ్చించడం కన్న ఉన్నవాటిని చదవడం మేలు.

యానాం విద్యార్థి అదృష్టవంతుడు. ఫ్రాన్సులోని ఎక్స్-అన్-ప్రోవాన్స్ నగరంలో ఉన్న విదేశీ వలసల పత్రాగారం ఫ్రెంచి ఇండియా స్థావరాల జనన, వివాహ, మరణ రిజిస్టర్లను, సుమారు వందేళ్ల కిందటి వరకు ఉన్నవాటిని, ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచింది. యానాం అందులో ఒక విభాగం. ఫ్రెంచి వారి పద్ధతి ప్రకారం ప్రతి పత్రంలోను తల్లిదండ్రుల పేర్లు, వయస్సు, నివాసం, సాక్షుల వివరాలు ఉంటాయి. తల్లి పేరు ఉండటం గమనార్హం. బ్రిటిష్ పాలనలో రాసిన కాగితాల్లో తల్లి తరచుగా మాయమవుతుంది. ఈ పత్రాల చివర ఉండే సంతకాలను వదిలిపెట్టరాదు. సాక్షి తెలుగులో సంతకం చేసి ఉంటే, గుమాస్తా వంకర రాతను సరిచేసుకోవడానికి అంతకు మించిన ఆధారం లేదు. 1881 శాసనం తరువాత, వ్యక్తిగత ధర్మశాస్త్రాన్ని వదులుకొని ఫ్రెంచి పౌరస్మృతిని స్వీకరించినవారు వంశనామం ఒకటి స్థిరపరచుకోవలసి వచ్చింది. కొందరు తండ్రి పేరును, కొందరు కొత్త పేరును ఎంచుకున్నారు. కనుక ఆ సంవత్సరానికి ఇటు కనిపించే వంశనామాన్ని అటు కాలానికి అంటగట్టరాదు.

యానాం పక్కనే ఉన్న కోరంగి రేవు మరొక దారి చూపుతుంది. ఇక్కడి నుంచి ఓడలెక్కిన కారణంగానే మారిషస్‌లోను బర్మాలోను తెలుగువారికి కోరంగీలు అనే పేరు వచ్చింది. గంజాం, విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుంచి ఎందరో ఒప్పందపు కూలీలుగా సముద్రాలు దాటారు. బరంపురం ప్రాంతపు కుటుంబాల్లో 'ఒక అన్నదమ్ముడు ఓడెక్కి తిరిగి రాలేదు' అనే మాట ఉంటే దాన్ని తోసిపుచ్చకూడదు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది. 1911 వరకు నాటాలుకు వెళ్లినవారు 1,52,184 మంది. వారి ఓడ జాబితాలు డర్బన్‌లో భద్రంగా ఉండటమే కాక కంప్యూటర్‌లోకి కూడా ఎక్కాయి. మారిషస్ పత్రాలు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నాయి.

ఈ నాటాలు జాబితాల్లో వ్యక్తి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం ఉంటాయి. ఇంటిపేరుకు గడి లేదు. ఆ ఒక్క గడి లేకపోవడం వల్ల దక్షిణాఫ్రికాలో తెలుగువారికి తండ్రి సొంత పేరో, నాయుడు, రెడ్డి వంటి కులబిరుదో వంశనామంగా స్థిరపడింది. అప్పలస్వామి అన్న సొంత పేరు అక్కడ ఇంటిపేరైంది. అయినా మా కొలమానం ప్రకారం ఇది చాలా విలువైన ఆకరం. ఇంటిపేరు పోయినా ఊరు నిలిచింది కనుక. తమిళనాడులోని మనకు పరిస్థితి తలకిందులు. చాలా ఇళ్లలో ఊరు పోయింది, ఇంటిపేరు మాత్రం పెళ్లి మాటల్లో మిగిలింది.

ఎడ్గర్ థర్స్టన్, కె. రంగాచారి 1909లో ప్రచురించిన 'దక్షిణ భారత కులాలు, తెగలు' ఏడు సంపుటాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఎవరికైనా లభిస్తాయి. తెలుగు కులాల ఇంటిపేర్ల జాబితాలు వాటిలో కనిపిస్తాయి. ఆ జాబితాలను ఆనాటి వాడుకకు సాక్ష్యంగా స్వీకరించవచ్చు. కాని ఆ గ్రంథం ఇంటిపేర్లను తరచు కులచిహ్నాలుగా భావించి జంతువు, చెట్టు, వస్తువు అని అర్థాలు ఇస్తుంది. ఆవుల, గుర్రం వంటి పేర్లకు ఆ అర్థం సరిపోతుంది. ఊరిపేరు నుంచి వచ్చినదాన్ని కూడా అదే చూపుతో చూస్తే పెడదారి పడతాం. కులాల పుట్టుక గురించి, స్వభావాల గురించి ఆ సంపుటాలు చెప్పేవి వలసపాలన నాటి అభిప్రాయాలు. వాటిని తమ వంశచరిత్రగా ఎత్తిరాసుకుంటున్నవారిని చూస్తే విచారం కలుగుతుంది.

కాలిన్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు, వారి సహాయకులు ఊరూరా సేకరించిన కైఫీయతులు ఇందుకు భిన్నమైనవి. గ్రామ కరణాలు, పెద్దలు చెప్పిన సంగతులను తెలుగులోనే, తెలుగు అక్షరాల్లోనే రాశారు. ఇంటిపేర్లు అక్కడ చెక్కుచెదరలేదు. ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలవారీగా కొన్ని సంపుటాలు అచ్చయ్యాయి. పూర్వికుల ఊరు తెలిసినవారు మొదట చదవవలసింది ఇవి. అయితే ఇందులో కనిపించేవారు ఎక్కువగా కరణాలు, రెడ్లు, పాళెగాళ్లు, పూజారులు. మాదిగ, మాల, చాకలి, నేత కుటుంబాలు పేరుపేరునా కనిపించడం అరుదు. తమిళనాడులోని తెలుగు అరుంధతీయ విద్యార్థికి ఈ ఆకరాలన్నీ కలిసి చెప్పేది చాలా తక్కువ. ఆ మౌనాన్ని వారి వంశానికి చరిత్ర లేకపోవడంగా భావించరాదు. రాసేవారు వారిని అడగలేదు, అంతే.

ఇక డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ద్వారా స్కాన్ అయిన పాత తెలుగు పుస్తకాల్లో వంశచరిత్రలు, జమీందారీ చరిత్రలు, కులపత్రికలు ఉన్నాయి. ఇప్పుడివి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోను దొరుకుతున్నాయి. కాని వాటి శీర్షికలను రోమన్ అక్షరాల్లో ఎవరికి తోచినట్లు వారు రాశారు. తెలుగు రాని చేత్తో తయారైన సూచిక తెలుగు పుస్తకాన్ని దాచిపెట్టగలదు. ఓపికగా నాలుగైదు స్పెల్లింగులతో వెతికినవారికి ఇక్కడ నిజమైన నిధి ఉంది.

సరిహద్దులు మారిన జిల్లాలు

పత్రాలు భాషను అనుసరించి ఉండవు, పాలనను అనుసరించి ఉంటాయి. బరంపురం 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు మద్రాసు రాజధానిలో భాగం. బళ్లారి 1953 అక్టోబరు 1న మైసూరులో కలిసింది. అందుచేత ఆ తేదీలకు ముందటి రెవెన్యూ పత్రాల కోసం భువనేశ్వరానికో బెంగళూరుకో పరిమితం కాకుండా చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు పత్రాగారాన్ని కూడా చూడాలి. 1858లో మొదలైన ఇనాం కమిషన్ రిజిస్టర్లలో ఇనాం అనుభవిస్తున్నవారి వంశక్రమం కనిపిస్తుంది. చిన్న భూమి ఉన్న కుటుంబానికి కూడా ఇది గొప్ప ఆధారం. కోలారు పాత మైసూరు సంస్థానంలోనిది. షోలాపురం పద్మశాలీల కథ ఇంకా చిక్కైనది. వారు స్థిరపడింది బొంబాయి రాజధానిలో, వచ్చింది నిజాం రాజ్యం నుంచి. అక్కడి దఫ్తరు భాష మొదట పారశీకం, 1880ల తరువాత ఉర్దూ. తెలుగు కుటుంబ చరిత్ర రాయడానికి తెలుగు ఒక్కటే చాలదని విద్యార్థులు గ్రహించాలి. రెండు భాషల మధ్య పెరిగిన మీకు ఇది భారం కాదు, బలం.

ఇటీవలి పత్రాల్లో ఓటర్ల జాబితాలను మరవరాదు. స్థానిక భాషలో ఉంటాయి, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయస్సు ఇస్తాయి. 2025లో జాబితాల ప్రత్యేక సవరణ సందర్భంగా పలు రాష్ట్రాల్లో రెండు దశాబ్దాల కిందటి జాబితాలను కూడా ఇంటర్నెట్‌లో ఉంచారు. ఒక వీధిలో ఏయే ఇళ్లవారు కలిసి ఉన్నారో వాటినుంచి తెలుస్తుంది.

వంశవృక్షమూ బంధువాచకాలూ

సేకరించిన వివరాలను వంశవృక్షంగా గీయడానికి అనేక కంప్యూటర్ ప్రోగ్రాములు వచ్చాయి. వీటి నమూనా ప్రకారం మనిషికి ఇద్దరు తల్లిదండ్రులు, నలుగురు అవ్వాతాతలు, ఎనిమిదిమంది ముత్తవ్వలు ముత్తాతలు. మేనరికం ఉన్న ఇంట్లో ఈ లెక్క పొసగదు. మేనమామ కూతురిని చేసుకున్నవారి పిల్లలకు తాత తల్లే నాయనమ్మకు కూడా తల్లి కావచ్చు, అక్క కూతురిని చేసుకున్నచోట ఒకే మనిషి రెండు తరాల్లో కనిపిస్తాడు. ప్రోగ్రాము అడిగినప్పుడల్లా కొత్త మనిషిని చేరుస్తూ పోతే లేని పూర్వికులు పుట్టుకొస్తారు.

బంధువాచకాల అనువాదంలోను ఇదే ప్రమాదం. లూయీ హెన్రీ మోర్గన్ 1871లోనే తమిళ, తెలుగు బంధువాచకాల పట్టికలు ప్రచురించి వీటి వ్యవస్థ ఇంగ్లీషుకు భిన్నమని చూపాడు. మామ అంటే తల్లి సోదరుడు, అత్త భర్త, భార్య తండ్రి కూడా. తాత ఇరువైపులా తాతే. పెద్దలు 'మా పెద్దనాయన' అన్నప్పుడు తండ్రి సొంత అన్నగారో, తండ్రి పెత్తండ్రి కొడుకో తెలియదు. ఇంగ్లీషు గడిలో 'అంకుల్' అని నింపిన క్షణాన ఈ తేడా శాశ్వతంగా పోతుంది. చెప్పిన మాటను చెప్పినట్లే తెలుగులో రాసుకొని, 'ఎవరి కొడుకు?' అని మళ్లీ అడగాలి. స్త్రీల విషయంలో పుట్టింటి పేరు తప్పక అడగాలి. పెళ్లితో మారిన ఇంటిపేరు ఒక్కటే రాస్తే వంశంలో సగం మనుషులు ఎక్కడివారో తెలియకుండా పోతారు.

ఇతరులు గీసి ఉంచిన వృక్షాలను ఎత్తిరాసుకోవడం అన్నిటికన్న పెద్ద దోషం. ఒకరి ఊహ పదిమంది కాపీలతో వాస్తవంగా చలామణి అవుతుంది. విశ్వనాథ నాయకుడితో మధురకు వచ్చామని చెప్పుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. కొన్నిటి విషయంలో అది నిజం కావచ్చు. కాని నాయకరాజుల వెంట వచ్చినవారు, ఆ తరువాత నల్లరేగడి భూముల కోసం వచ్చినవారు, కరువుకు వచ్చినవారు, నేతపనికి వచ్చినవారు వేరు వేరు. కరువుకు వచ్చిన తాత సైన్యంతో వచ్చిన తాతకు తీసిపోడు.

చేయవలసిన పని

మొత్తం మీద మా నిర్ణయం ఇది. యానాం రిజిస్టర్లు, నాటాలు ఓడ జాబితాలు, కైఫీయతులు మన కుటుంబ చరిత్రకు నమ్మదగిన పునాదులు. మిగిలినవి సహాయకాలు. అన్నిటికీ ఒక లోపం ఉమ్మడిగా ఉంది: పేరును తెలుగు అక్షరాల్లో వెతికే వీలు ఇంకా చాలా తక్కువ. సూచికలు తయారుచేసే సంస్థలు మూలలిపి రూపానికి ఒక గడి కేటాయించాలని తెలుగు శాఖలన్నీ కోరవలసి ఉంది.

అంతవరకు ఆగవలసిన పని లేదు. ఇంట్లో ఉన్న పెద్దవారి నుంచి తండ్రి వైపు, తల్లి వైపు, ఇద్దరు అవ్వల పుట్టిళ్ల వైపు ఇంటిపేర్లను తెలుగు అక్షరాల్లో రాయండి. తెలుగు రాయడం రానివారు కన్నడ లిపిలో రాయవచ్చు, లేదా గొంతును రికార్డు చేయవచ్చు. చెప్పినవారి పేరు, తేదీ, చోటు కింద వేయండి. బతికి ఉన్నవారి వివరాలను వారి అనుమతి లేకుండా ఇంటర్నెట్‌లో పెట్టకండి. పత్రాగారంలోని రిజిస్టరు పదేళ్ల తరువాత కూడా ఉంటుంది. ఇంటిపేరును సరిగ్గా పలకగల అవ్వ అప్పటికి ఉండకపోవచ్చు. అందుచేత పని అక్కడి నుంచే మొదలుపెట్టాలి.